ఎత్తుల డేటాను హెచ్‌జీటీ, జియోటిఫ్, ఆస్కీ గ్రిడ్‌ల మధ్య మార్చేటప్పుడు అంకెలు ఎక్కడ చెడతాయి

ముందు మీరు అడిగిన ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. హైదరాబాద్ ప్రాంతానికి ఇస్రో వారి భువన్ సైటు నుంచి కార్టోడెమ్ ఎత్తుల డేటా జియోటిఫ్ ఫైలుగా, నాసా నుంచి ఎస్‌ఆర్‌టీఎం (షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తులు) హెచ్‌జీటీ టైల్‌గా, అంటే ఒక డిగ్రీ చదరపు ముక్కగా, దించుకున్నారు. ఫోన్‌లోని మ్యాప్ యాప్‌కు హెచ్‌జీటీ కావాలి, వరద నమూనా కట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆస్కీ గ్రిడ్ (ఎత్తులను మామూలు అక్షరాల్లో రాసిన ఫైలు) కావాలి. మార్చి చూస్తే మూడు తేడాలు కనిపించాయి. ఒకే చోట రెండు ఫైళ్ల ఎత్తులకూ 70 మీటర్ల పైచిలుకు తేడా ఉంది. అక్కడక్కడ -32768 మీటర్ల లోతు గుంతలు పడ్డాయి. కొత్త ఫైలును పాతదాని మీద పరిస్తే కాస్త పక్కకు జరిగినట్టు ఉంది.

ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. వీటిలో ఏదీ సాఫ్ట్‌వేర్ లోపం కాదు.

ఎత్తుల ఫైలు అంటే గళ్లలో నింపిన అంకెలే. అయితే ఆ అంకెలకు అర్థం రావాలంటే మరో నాలుగు సంగతులు తెలియాలి. అంకె ఏ రకానిది (16 బిట్ల పూర్ణాంకమా, 32 బిట్ల దశాంశమా), ఖాళీ గడికి ఏ గుర్తు పెట్టారు, ఆ ఎత్తు గడి మధ్యలోదా లేక గడి మొత్తానిదా, ఎత్తును ఏ సున్నా నుంచి కొలిచారు. ఒక్కో ఫార్మాట్ ఈ నాలుగింటిలో కొన్నిటినే తనతో మోసుకెళ్తుంది. మిగతావి మార్పిడిలో రాలిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. అందుకే ఏ ఫైలునైనా మార్చే ముందు జీడాల్ (మ్యాపు ఫైళ్లను చదివి మార్చే ఉచిత కమాండ్ల సమాహారం) వారి ఇన్ఫో కమాండ్ నడిపి, లేదా క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో లేయర్ ప్రాపర్టీస్ తెరిచి, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగోది, అంటే ఎత్తు సున్నా, చాలా ఫైళ్లలో ఉండనే ఉండదు. దాన్ని డేటా ఇచ్చిన సంస్థ పత్రంలోనే చూసుకోవాలి.

వీటన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. క్యూజీఐఎస్‌లో లేయర్ మీద కుడి క్లిక్ చేసి, ఎక్స్‌పోర్ట్, సేవ్ యాజ్ అంటే వచ్చే పెట్టెలో పైనే రా డేటా, రెండర్డ్ ఇమేజ్ అని రెండు ఎంపికలు ఉంటాయి. రెండోది ఎంచుకుంటే తెరమీద కనిపించే రంగులు ఫైలులోకి పోతాయి, ఎత్తులు పోవు. చూడటానికి బాగానే ఉంటుంది. ప్రాపర్టీస్‌లో మాత్రం నాలుగు బ్యాండ్లు, 0 నుంచి 255 లోపు అంకెలు కనిపిస్తాయి. అలాంటి ఫైలు నుంచి ఎత్తులు తిరిగి రాబట్టలేరు. ఎప్పుడూ రా డేటానే ఎంచుకోండి.

హెచ్‌జీటీ లోపల ఏముంది

హెచ్‌జీటీ ఫైలుకు హెడరే లేదు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ 11 రోజుల యాత్రలో రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం డేటాను పంచడానికి ఎంచుకున్న అతి సాదా రూపం ఇది. వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి, వరస తరవాత వరసగా, ఒక్కో ఎత్తుకు 2 బైట్ల చొప్పున రాసుకుంటూ పోతారు. ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు, దాదాపు 30 మీటర్లు) టైల్‌లో 3601 వరసలు, 3601 నిలువు వరసలు ఉంటాయి, కాబట్టి ఫైలు సైజు సరిగ్గా 2,59,34,402 బైట్లు. మూడు ఆర్క్ సెకన్లదైతే 1201×1201, సైజు 28,84,802 బైట్లు. సైజు దీనికి ఒక్క బైటు తేడా ఉన్నా డౌన్‌లోడ్ సగంలో ఆగిందనో, విప్పకుండా జిప్ ఫైలుకే పేరు మార్చారనో అర్థం.

టైల్ ఎక్కడిదో చెప్పేది పేరు ఒక్కటే. ఎన్17ఈ078 అంటే నైరుతి మూలలోని గడి మధ్యబిందువు 17° ఉత్తరం, 78° తూర్పు. గుర్తు కోసమని ఆ ఫైలుకు హైదరాబాద్ అని పేరు పెడితే దాని చిరునామా పోయినట్టే, జీడాల్ దాన్ని తెరవదు. పేరు మార్చాలనిపిస్తే ముందు జియోటిఫ్‌గా మార్చి, ఆ తరవాత దానికి నచ్చిన పేరు పెట్టుకోండి.

ఇందులో బైట్ల వరస మన కంప్యూటర్ల వరసకు తలకిందులు: పెద్ద బైటు ముందు, చిన్నది వెనక. జీడాల్‌కు ఇది తెలుసు. సొంతంగా పైథాన్‌లోనో సీలోనో చదివేవాళ్లు మరిచిపోతే విచిత్రమైన అంకెలు వస్తాయి. 542 మీటర్లు 7682 అవుతుంది. 500 మీటర్లు -3071 అవుతుంది, 501 మీటర్లు -2815 అవుతుంది. ఒక్క మీటరు పెరిగితే 256 ఎగబాకుతోందంటే బైట్లు తిరగబడ్డాయని వేరే రుజువు అక్కర్లేదు. ఖాళీ గుర్తు -32768 ఇలా తిరగబడితే 128 అవుతుంది. ఇది మరీ మోసం చేస్తుంది, ఎందుకంటే 128 మీటర్లు నిజంగా ఉండదగ్గ ఎత్తే.

ఇలాంటి చిక్కే బీఐఎల్ అనే మరో ఎత్తుల ఫార్మాట్ ఫైళ్లలోనూ ఉంది. అక్కడ పక్కనే చిన్న హెడర్ ఫైలు ఉంటుంది, అందులో బైట్ల వరస, వరసల సంఖ్య, ఎగువ ఎడమ గడి మధ్యబిందువు ఉంటాయి. పిక్సెల్‌టైప్ సైన్డ్‌ఇంట్ అన్న లైను లేకపోతే సాఫ్ట్‌వేర్ అంకెలన్నీ ధనాత్మకాలే అనుకుంటుంది. అప్పుడు సముద్ర మట్టానికి 5 మీటర్లు దిగువనున్న గడి 65531 మీటర్ల పర్వతమై కూర్చుంటుంది. ఆ లైను ఒక్కటి చేత్తో చేర్చితే చాలు, డేటాను ముట్టుకోనక్కర్లేదు.

ఖాళీ గళ్లు: -32768 గుంతలు ఎలా వస్తాయి

రాడార్ నీడ పడిన చోట, నిశ్చల నీటి మీద కొలత అందకపోతే ఆ గడిలో -32768 రాస్తారు. ఆస్టర్ జీడెమ్ అనే మరో ఉపగ్రహ ఎత్తుల డేటాలో ఆ పని -9999 చేస్తుంది. సర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ గ్రిడ్‌లలో 1.70141ను 10కి 38వ ఘాతంతో గుణించినంత సంఖ్య. ఇవి గుర్తులు మాత్రమే. ఫైలులో దాన్ని నోడేటా, అంటే ఖాళీ గుర్తు, అని ప్రకటించకపోతే సాఫ్ట్‌వేర్‌కు అదీ ఎత్తే.

ప్రకటించడం తేలిక. జీడాల్ ట్రాన్స్‌లేట్‌లో ఏ-నోడేటా ఎంపికకు -32768 ఇస్తే సరిపోతుంది. ఇది గడిలోని అంకెను మార్చదు, ఫైలు మీద గుర్తు మాత్రం వేస్తుంది. ఈ తేడా గమనించండి: మీ ఫైలులో ఖాళీలు -9999గా ఉండి మీరు -32768 అని ప్రకటిస్తే ఏమీ బాగుపడదు. ఒక గుర్తును ఇంకో గుర్తుగా నిజంగా మార్చాలంటే జీడాల్ వార్ప్ (గళ్లను కొత్త పద్ధతికి మార్చి రాసే కమాండ్)లో సోర్స్ నోడేటా, డెస్టినేషన్ నోడేటా రెండూ ఇవ్వాలి.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుందంటే, నోడేటా ప్రకటించకుండా రీశాంపుల్ చేసినప్పుడు, అంటే పాత గళ్ల అంకెల నుంచి కొత్త గళ్లకు ఎత్తులు లెక్కించినప్పుడు. 500 మీటర్ల గడికీ -32768 గడికీ మధ్య సగటు తీస్తే -16134 వస్తుంది. ఇంకాస్త దూరంలో -7817 వస్తుంది. ఇవేవీ నోడేటా గుర్తుకు సమానం కావు, కాబట్టి ఆ తరవాత గుర్తు ప్రకటించినా తొలగవు. గుంత చుట్టూ ఏటవాలు గోడలా మిగిలిపోతాయి. అలాంటి ఫైలును బాగుచేయడానికి సమయం పెట్టకండి. అసలు ఫైలు దగ్గరికి వెళ్లి, ముందు గుర్తు ప్రకటించి, మళ్లీ మొదలుపెట్టండి. ఖాళీలు పూడ్చాలంటే ఫిల్ నోడేటా ఉంది, అదీ గుర్తు ప్రకటించాకే. చిన్న ఖాళీలకు అది బాగుంటుంది. పదుల గళ్ల వెడల్పున్న ఖాళీని అది నున్నటి గిన్నెలా నింపుతుంది, అక్కడ నిజంగా కొండ ఉన్నాసరే. పెద్ద ఖాళీలకు వేరే మూలం నుంచి, ఉదాహరణకు యూరప్ వారి కోపర్నికస్ ఎత్తుల డేటా నుంచి, అతుకు వేయడం మేలు.

అర గడి జరగడం

మీ మూడో తేడా ఇదే. హెచ్‌జీటీలో ఎత్తు గడి మధ్యబిందువుకు చెందింది, ఆ బిందువు సరిగ్గా డిగ్రీ గీత మీద ఉంటుంది. అంటే గడి అంచు గీతకు అర గడి అవతల ఉంటుంది. ఎన్17ఈ078 టైల్ అంచులను జీడాల్ 77.999861111 నుంచి 79.000138889 వరకు, 16.999861111 నుంచి 18.000138889 వరకు చూపిస్తుంది. అది సరైనదే. ఇది చూసి తప్పనుకుని, 78, 79, 17, 18 అని దిద్దేస్తారు చాలామంది. అలా దిద్దితే 3601 గళ్లు ఒక డిగ్రీలోకి నొక్కుకుపోతాయి. మూలల్లో అర గడి, అంటే 15 మీటర్లు జరుగుతుంది. మూడు సెకన్ల డేటాలో అది 46 మీటర్లు. పక్క టైల్‌తో ఉండాల్సిన ఒక వరస అతివ్యాప్తి కూడా పోతుంది.

ఆస్కీ గ్రిడ్ హెడర్‌లో ఈ తేడా స్పష్టంగా రాయొచ్చు. ఎక్స్‌ఎల్‌ఎల్‌కార్నర్ అని రాస్తే గడి బయటి మూల, ఎక్స్‌ఎల్‌ఎల్‌సెంటర్ అని రాస్తే గడి మధ్య. మన టైల్‌కు కార్నర్ విలువ 77.999861111, సెంటర్ విలువ 78. రెండూ ఒప్పే. కార్నర్ అని రాసి పక్కన 78 వేస్తే తప్పు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు కార్నర్ ఒక్కటే తెలుసు, వాటికి ఆ పొడవాటి దశాంశమే ఇవ్వాలి.

హెడర్‌లోని సెల్‌సైజ్‌ను కూడా కుదించకండి. 0.000277777777778 అని ఉండాల్సిన చోట 0.000278 అని రాస్తే ఒక గడికి తేడా లెక్కలోకి రాదు. 3601 గళ్లు దాటేసరికి అది 0.0008 డిగ్రీ, అంటే దాదాపు 88 మీటర్లు. ఒక మూల సరిగ్గా కూర్చుని ఎదుటి మూల మూడు గళ్లు తప్పుకుంటే కారణం ఇదే.

జియోటిఫ్‌లో ఇది ఏరియా ఆర్ పాయింట్ అనే ట్యాగులో ఉంటుంది. మంచి సాఫ్ట్‌వేర్లు దాన్ని చదివి సర్దుకుంటాయి, కొన్ని అసలు పట్టించుకోవు. గీత గీసినట్టు అర గడి జరిగితే ముందు ఈ ట్యాగునే అనుమానించండి. సర్ఫర్ గ్రిడ్‌లో మరో పద్ధతి: అక్కడ గళ్లు లేవు, బిందువులే. కాబట్టి కనిష్ఠం 78, గరిష్ఠం 79 అనే రాయాలి. వరసలు కూడా కింద నుంచి పైకి, దక్షిణం ముందు. మ్యాపు తలకిందులైతే చూడాల్సింది అదే.

70 మీటర్ల పైచిలుకు తేడా

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దక్షిణ భారతంలో ఇది కొట్టే దెబ్బ ప్రపంచంలో చాలా చోట్ల కంటే పెద్దది.

ఎత్తును రెండు రకాల సున్నాల నుంచి కొలుస్తారు. ఒకటి ఎలిప్సాయిడ్, అంటే భూమికి లెక్క ప్రకారం గీసిన నున్నటి ఆకారం. జీపీఎస్ నేరుగా ఇచ్చేది దాని నుంచి ఎత్తు. రెండోది జియాయిడ్, అంటే గురుత్వం ప్రకారం సముద్రం నిశ్చలంగా నిలిచే మట్టం. మనం మామూలుగా సముద్ర మట్టానికి ఇంత ఎత్తు అనేది దీని నుంచే. భూమిలో ద్రవ్యరాశి సమానంగా లేకపోవడం వల్ల ఈ రెండూ ఒకచోట ఉండవు. ప్రపంచంలో జియాయిడ్ అన్నిటికంటే లోతుగా దిగిన చోటు మన దేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, అక్కడది ఎలిప్సాయిడ్‌కు 100 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఆ పల్లం అంచులోనే మనం ఉన్నాం. హైదరాబాద్ దగ్గర జియాయిడ్ దాదాపు 76 మీటర్లు దిగువన, బెంగళూరు దగ్గర దాదాపు 86 మీటర్లు దిగువన.

ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 జియాయిడ్ నుంచి. కోపర్నికస్ జీఎల్‌ఓ-30 ఎత్తులు ఈజీఎం2008 జియాయిడ్ నుంచి. కార్టోశాట్-1 జంట కెమెరాల చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ నుంచి. అందుకే ఎస్‌ఆర్‌టీఎంలో 520 ఉన్న చోట కార్టోడెమ్‌లో 444 దగ్గర ఉంటుంది. కోస్తా ఊళ్లు కార్టోడెమ్‌లో మైనస్ పదుల మీటర్లలో కనిపించేదీ ఇందుకే. ఆ ఊళ్లు మునగలేదు, ఫైలూ చెడలేదు.

లెక్క ఇది: సముద్ర మట్టపు ఎత్తు = ఎలిప్సాయిడ్ ఎత్తు − జియాయిడ్ విలువ. మన దగ్గర జియాయిడ్ విలువ మైనస్ కాబట్టి తీసివేత కూడికవుతుంది: 444 − (−76) = 520. గుర్తు తప్పితే తేడా పోకపోగా 150 దాటుతుంది. కాబట్టి తప్పు వెంటనే తెలిసిపోతుంది.

టైల్ మొత్తానికి 76 కలిపేస్తే సరిపోదా అంటే, కంటితో చూసుకునే మ్యాపుకు సరిపోతుంది. వరద నమూనాకు సరిపోదు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 10 మీటర్ల తేడా ఉందంటే ఒక టైల్ లోపలే ఆ చివరకూ ఈ చివరకూ మీటరు, రెండు మీటర్లు మారుతుంది. నీటి వాలు లెక్కించే పనిలో అది కృత్రిమమైన వాలు అవుతుంది.

సరైన దారి జీడాల్ వార్ప్. సోర్స్ రిఫరెన్స్‌గా ఈపీఎస్‌జీ (నిర్దేశాంక పద్ధతులకు నంబర్లు ఇచ్చే జాబితా) 4979 ఇవ్వండి, అది ఎలిప్సాయిడ్ ఎత్తుతో కూడిన డబ్ల్యూజీఎస్84. టార్గెట్‌గా ఈపీఎస్‌జీ 4326+5773 ఇస్తే ఈజీఎం96కు, 4326+3855 ఇస్తే ఈజీఎం2008కు మారుతుంది. అవుట్‌పుట్ రకం ఫ్లోట్32 పెట్టండి. కార్టోడెమ్‌ను ఎస్‌ఆర్‌టీఎంతో కలపాలంటే 5773, కోపర్నికస్‌తో కలపాలంటే 3855.

ఇక్కడే పెద్ద గుంట ఉంది. ఈ మార్పిడికి జీడాల్ వాడుకునే ప్రోజ్ అనే లైబ్రరీకి జియాయిడ్ గ్రిడ్ ఫైలు కావాలి. మామూలు ఇన్‌స్టలేషన్‌లో అది ఉండకపోవచ్చు. లేకపోతే చాలాసార్లు ఎర్రర్ ఇవ్వకుండా ఎత్తులను ఉన్నవి ఉన్నట్టే రాసేసి, ఫైలు మీద మాత్రం ఈజీఎం96 అని ముద్ర వేస్తుంది. మార్పు జరగలేదు, జరిగిందని ఫైలు చెబుతుంది. ప్రోజ్ నెట్‌వర్క్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఆన్ చేస్తే అది గ్రిడ్‌ను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ప్రోజ్‌సింక్‌తో ముందే దించిపెట్టుకోవచ్చు కూడా. ఏదైనా సరే, మార్చాక ఒక బిందువు దగ్గర ముందు ఎంత, తరవాత ఎంత అని జీడాల్ లొకేషన్ ఇన్ఫోతో చూడండి. హైదరాబాద్‌లో తేడా 76 దగ్గర రావాలి. సున్నా వస్తే గ్రిడ్ దొరకలేదన్నమాట.

కోపర్నికస్ లేదా కార్టోడెమ్‌ను హెచ్‌జీటీగా చేయడం

ఫోన్ యాప్‌కు ఎస్‌ఆర్‌టీఎం హెచ్‌జీటీ ఉన్నది ఉన్నట్టే పనికొస్తుంది. ఓరక్స్‌మ్యాప్స్ అయితే దాని డెమ్ ఫోల్డర్‌లో వేస్తే చాలు. గార్మిన్ మ్యాపులు కట్టే ఎంకేజీమ్యాప్ కూడా హెచ్‌జీటీనే నేరుగా చదువుతుంది. వేరే డేటాను హెచ్‌జీటీ చేయాలనుకుంటేనే కింది పని.

కోపర్నికస్ టైల్ మన అక్షాంశాల్లో 3600×3600, హెచ్‌జీటీకి కావలసింది 3601×3601. కోపర్నికస్ టైల్‌లో ఉత్తరపు వరస, పశ్చిమపు నిలువు వరస డిగ్రీ గీత మీదే ఉంటాయి. తూర్పు చివరిదీ దక్షిణం చివరిదీ మాత్రం పక్క టైల్‌లో ఉంటాయి. కాబట్టి ఒక హెచ్‌జీటీ చేయడానికి నాలుగు టైళ్లు కావాలి: అసలుది, దాని తూర్పుది, దక్షిణానిది, ఆగ్నేయానిది. ఎన్17ఈ078కి తోడు ఎన్17ఈ079, ఎన్16ఈ078, ఎన్16ఈ079. సముద్రం మాత్రమే ఉన్నచోట కోపర్నికస్‌కు టైలే లేదు, అక్కడ ఖాళీని 0తో నింపుకోవాలి.

నాలుగింటినీ బిల్డ్ వీఆర్‌టీతో కలపండి. వీఆర్‌టీలో డేటా ఉండదు, ఫైళ్ల దారులే ఉంటాయి, కాబట్టి పని పూర్తయ్యేదాకా టైళ్లను వేరే ఫోల్డర్‌లోకి జరపకండి. తరవాత పైన చెప్పిన అంచులనే, అంటే 77.999861111, 16.999861111, 79.000138889, 18.000138889, కత్తిరింపు హద్దులుగా ఇవ్వండి. కోపర్నికస్ గళ్లు హెచ్‌జీటీ గళ్ల మీదే కూర్చుంటాయి కాబట్టి ఏ రీశాంప్లింగూ అక్కర్లేదు, కత్తిరిస్తే చాలు. ఆఖరున రకం ఇంట్16, ఫార్మాట్ ఎస్‌ఆర్‌టీఎంహెచ్‌జీటీ. జీడాల్ దశాంశాలను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. వరసల సంఖ్య తప్పితే డ్రైవర్ రాయనంటుంది. ఎంత రావాలో, ఎంత వచ్చిందో లెక్క చూసుకోండి.

కార్టోడెమ్‌తో ఇంత సూటిగా కుదరదు. దాని గళ్లు డిగ్రీ గీతలతో కలుస్తాయన్న హామీ లేదు. కాబట్టి ముందు జియాయిడ్ మార్పిడి, ఆ తరవాత అవే హద్దులతో, 3601×3601 సైజుతో, బైలీనియర్ (చుట్టూ ఉన్న నాలుగు గళ్ల అంకెలను కలిపి లెక్కించే) పద్ధతిలో వార్ప్. వీలైతే ఈ రెండూ ఒకే వార్ప్‌లో చేయండి. ప్రతి రీశాంప్లింగూ గుట్టల కొనలను కాస్త అరగదీస్తుంది.

యాప్ మూడు సెకన్ల హెచ్‌జీటీనే ఒప్పుకుంటే హద్దులు మారతాయి: 77.999583333 నుంచి 79.000416667, 16.999583333 నుంచి 18.000416667. పద్ధతి యావరేజ్ పెట్టండి. అప్పుడు ఒక్కో పెద్ద గడి తన కింది తొమ్మిది చిన్న గళ్ల సగటు అవుతుంది, మధ్యబిందువులు కదలవు. అంచు గళ్లకు బయటి వరస ఒకటి కావాలి కాబట్టి ఈసారి చుట్టూ ఉన్న ఎనిమిది టైళ్లూ వీఆర్‌టీలో ఉండాలి.

వరద నమూనాకు ఆస్కీ గ్రిడ్

ముందుగా, డిగ్రీలలో ఉన్న డేటాను నేరుగా ఆస్కీ చేసి ఇవ్వకండి. హైదరాబాద్ అక్షాంశంలో ఒక ఆర్క్ సెకను గడి ఉత్తర దక్షిణాలుగా 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా 29.5 మీటర్లు. నమూనాకు చదరపు గళ్లు, మీటర్లలో కావాలి. యూటీఎంకు, అంటే భూమిని 6 డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతికి, మార్చాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్‌లో, అంటే ఈపీఎస్‌జీ 32644లో పడుతుంది. 78 డిగ్రీలకు పడమరనున్న అనంతపురం, గద్వాల, నారాయణపేట 43వ జోన్‌లోకి, 84 దాటిన పలాస, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి. మీ పరివాహక ప్రాంతం గీతకు రెండు వైపులా ఉంటే ఎక్కువ భాగం ఉన్న జోన్‌నే మొత్తానికి వాడండి. గీతకు కాస్త అవతలికి పోయినా వచ్చే పొరపాటు స్వల్పం. రెండు జోన్లలో రెండు ముక్కలు చేసి అతికిస్తే వచ్చే చిక్కు దానికంటే చాలా పెద్దది.

పని వరస ముఖ్యం. టైళ్లన్నీ వీఆర్‌టీగా కలిపి, ఒక్కసారి వార్ప్ చేసి, చివరికి కత్తిరించండి. టైల్‌కు టైల్ విడిగా వార్ప్ చేసి తరవాత కలిపితే అతుకుల దగ్గర సన్నని ఖాళీ గీతలు వస్తాయి, నమూనాలో నీళ్లు అక్కడే ఆగిపోతాయి. రిజల్యూషన్ 30 30 ఇచ్చి, టార్గెట్ అలైన్డ్ పిక్సెల్స్ ఎంపిక పెట్టండి, అప్పుడు తరవాత చేసే ఫైళ్లు కూడా ఇదే గళ్ల మీద కూర్చుంటాయి. రీశాంప్లింగ్ పద్ధతి చెప్పకపోతే జీడాల్ నియరెస్ట్ (దగ్గరి గడి అంకెనే తీసుకునే పద్ధతి) వాడుతుంది. ఎత్తులకు అది పనికిరాదు: క్రమం తప్పకుండా కొన్ని వరసలు రెండుసార్లు పడటమో తప్పిపోవడమో జరిగి, హిల్‌షేడ్‌లో, అంటే కొండల వెలుగునీడల చిత్రంలో, గళ్ల చీరలాంటి చారలు కనిపిస్తాయి. బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ వాడండి. వరదకు బైలీనియరే క్షేమం, ఎందుకంటే క్యూబిక్ కట్టల అంచుల్లో ఉన్నదానికంటే కాస్త ఎక్కువో తక్కువో చూపించగలదు.

దశాంశాలను పారేయకండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కిలోమీటర్ల మేర నేల మీటరు కూడా మారదు. అలాంటి చోట ఇంట్16 చేస్తే నేల మెట్లు మెట్లుగా తయారై, ప్రవాహం మెట్టు అంచుల వెంట తిరుగుతుంది. ఎస్‌ఆర్‌టీఎం మూలంలోనే పూర్ణాంకాలు, దాన్ని ఫ్లోట్ చేసినా పోయిన దశాంశాలు రావు. అందుకే ఈ పనికి కోపర్నికస్ మేలు. ఇవన్నీ ఉపరితల నమూనాలే అన్నది మాత్రం గుర్తుంచుకోండి. కొబ్బరి తోటల తలలు, ఇళ్ల కప్పులు ఎత్తులో కలిసే ఉంటాయి. ఫార్మాట్ మార్చడం వల్ల అది పోదు.

ఆస్కీ రాసేటప్పుడు డెసిమల్ ప్రెసిషన్ 2 పెట్టండి. సెంటీమీటరు దాటిన అంకెలకు ఈ డేటాలో అర్థం లేదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. ఒక టైల్‌లో కోటీ 29 లక్షల పైచిలుకు అంకెలుంటాయి. మూడంకెల పూర్ణాంకాలుగా రాస్తేనే 52 ఎంబీ. ఫోర్స్ సెల్‌సైజ్ ఎంపిక కూడా ఆన్ చేయండి, లేకపోతే గడి పొడవు వెడల్పుల్లో రవ్వంత తేడా ఉన్నా జీడాల్ సెల్‌సైజ్ బదులు డీఎక్స్, డీవై అని రెండు లైన్లు రాస్తుంది, చాలా నమూనాలు దాన్ని చదవలేవు. ఆస్కీ గ్రిడ్‌లో ప్రొజెక్షన్ ఉండదు, పక్కనున్న పీఆర్‌జే ఫైలును కూడా కలిపే పంపండి.

తిరిగి చదివేటప్పుడు ఒక సంగతి. ఆస్కీ ఫైలు పూర్ణాంకాలదా దశాంశాలదా అన్నది జీడాల్ మొదటి భాగం చూసి ఊహిస్తుంది. తీరప్రాంతపు ఫైలులో పై వరసలన్నీ సముద్రపు 0లో, -9999లో అయితే అది పూర్ణాంకమనుకుని కింది దశాంశాలను కోసేయగలదు. ఓపెన్ ఆప్షన్‌లో డేటాటైప్ ఫ్లోట్32 అని మీరే చెప్పండి.

నిల్వకు మాత్రం ఆస్కీ వద్దు, జియోటిఫ్ ఉంచుకోండి. డిఫ్లేట్ కంప్రెషన్, పూర్ణాంకాలకు ప్రెడిక్టర్ 2, దశాంశాలకు 3. పాత సాఫ్ట్‌వేర్ తెరవకపోతే కంప్రెషన్ లేని సాదా కాపీ ఒకటి తీసి ఇవ్వండి. 4 జీబీ దాటేట్టుంటే బిగ్‌టిఫ్ ఆన్ చేయాలి.

వెబ్ మ్యాపులకు వాడే టెరైన్ ఆర్‌జీబీ పీఎన్‌జీ (ఎత్తులను రంగులుగా దాచిన బొమ్మ ఫైలు) గురించి ఒక్క మాట, ఎందుకంటే అక్కడ రీశాంప్లింగ్ తప్పు చాలా చిత్రంగా కనిపిస్తుంది. అందులో ఎత్తు = −10000 + (ఎరుపు×65536 + ఆకుపచ్చ×256 + నీలం)×0.1. దీని ప్రకారం 547.1 మీటర్లు (1, 155, 255), 547.2 మీటర్లు (1, 156, 0). ఈ రెండు రంగుల సగటు తీస్తే (1, 156, 128), అంటే 560 మీటర్లు. పది సెంటీమీటర్ల తేడా ఉన్న రెండు గళ్ల మధ్య 13 మీటర్ల ముల్లు మొలుస్తుంది. కాబట్టి ఎత్తులుగా ఉండగానే వెబ్ మెర్కేటర్‌కు (వెబ్ మ్యాపులు వాడే ప్రొజెక్షన్) వార్ప్ చేసి, ఆ తరవాతే రంగులుగా మార్చాలి. రంగులయ్యాక సగటు తీయకూడదు, జేపెగ్‌గా దాచకూడదు.

చివరగా సరిచూసే పద్ధతి. ఫార్మాట్ మాత్రమే మారి అంకెలు మారకూడని చోట, ఉదాహరణకు హెచ్‌జీటీ నుంచి జియోటిఫ్‌కు, రెండు ఫైళ్ల మీదా జీడాల్ ఇన్ఫోను చెక్‌సమ్ ఎంపికతో నడపండి. పూర్ణాంకాలకు అంకె ఒకటే రావాలి. రీశాంప్లింగ్ జరిగిన చోట రాస్టర్ కాలిక్యులేటర్‌లో కొత్తది మైనస్ పాతది తీసి, ఆ తేడాకే ఒక మ్యాపు గీయండి. అంతటా దాదాపు ఒకే అంకె ఉండి, చాలా మెల్లగా మారుతుంటే అది జియాయిడ్. ప్రతి గుట్టకూ ఒక వైపు ధనం, ఎదుటి వైపు ఋణం కనిపిస్తే గళ్లు జరిగాయి. ఒక మూలలో తక్కువగా ఉండి ఎదుటి మూలకు పోయేకొద్దీ పెరుగుతుంటే సెల్‌సైజ్ కుదించారు. క్రమమైన చారలుంటే నియరెస్ట్ వాడారు. తేడాలన్నీ అర మీటరు లోపు ఉండి చిల్లర ఇసుకలా చెదిరి ఉంటే దశాంశాలు పోయాయి. నాలుగైదు చోట్ల మాత్రం వేలలో తేడా వచ్చి, చుట్టూ వలయం ఉంటే నోడేటా ప్రకటించకుండా వార్ప్ చేశారు.